హాల్‌శాండ్స్ గులకరాళ్లు ఎక్కడికి పోయాయి?

ఇంగ్లండు నైరుతి మూల, డెవన్ తీరం. స్టార్ట్ పాయింట్ దీపస్తంభానికి కాస్త ఉత్తరంగా కొండ మీద నిలబడి కిందికి చూస్తే, అలల పక్కనే రాతి అరుగు మీద పైకప్పులు లేని మొండిగోడలు కొన్ని కనిపిస్తాయి. చుట్టూ పచ్చటి కొండలు, నీలం నీళ్లు. ఫొటోకి బాగానే ఉంటుంది. హాల్‌శాండ్స్ అనే ఊళ్లో మిగిలింది అదే.

1891 నాటికి అక్కడ 37 ఇళ్లు, 159 మంది జనం, ఒక నీటి ఊట, లండన్ ఇన్ అనే మద్యశాల ఉండేవి. చేపలు, ముఖ్యంగా పీతల వేట మీదే బతుకు. వెనక నిటారు కొండ, ముందు సముద్రం, మధ్యలో ఇరుకు జాగాలో ఇళ్లు. అలల నోట్లో ఇల్లు కట్టుకోవడమేమిటని మనకు అనిపిస్తుంది కానీ, వాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఇళ్లకీ నీళ్లకీ మధ్య ఎత్తుగా గులకరాళ్ల కట్ట ఒకటి ఉండేది. వాళ్ల ధీమా అంతా దాని మీదే.

గులకరాళ్ల గుట్ట కాంక్రీటు గోడలా అలను ఎదిరించి నిలబడదు, తాగేస్తుంది. అల పైకి ఎగబాకేటప్పుడు రాళ్లను తోసుకొస్తుంది. తిరిగి వెళ్లాల్సిన నీటిలో చాలా భాగం రాళ్ల సందుల్లోంచి కిందికి ఇంకిపోతుంది. వెనక్కి లాగే బలం తగ్గడంతో తెచ్చిన రాళ్లు పైనే ఉండిపోతాయి. అలా అలే తన దారికి తాను అడ్డుకట్ట వేసుకుంటుంది. పైగా, అల తన ఎత్తుకు దరిదాపు లోతున్న నీళ్లలోకి రాగానే విరిగిపోతుంది. తీరం మెరకగా ఉంటే పెద్ద అలలు దూరంలోనే విరుగుతాయి. పల్లమైతే విరక్కుండా ఇంటి గోడ దాకా వచ్చేస్తాయి.

1890ల్లో ప్లిమత్ పక్కన కీహామ్‌లో నౌకాదళం రేవును విస్తరించడం మొదలైంది. కాంక్రీటుకి కంకర, ఇసుక కావాలి. గుత్తేదారు సర్ జాన్ జాక్సన్ సంస్థకు హాల్‌శాండ్స్ ముందున్న తీరం తవ్వుకునే అనుమతి దొరికింది. 1897లో తవ్వోడలు, అంటే నీటి అడుగునుంచి రాళ్లూ ఇసుకా తోడే ఓడలు, వచ్చాయి. రోజుకి 1,600 టన్నుల దాకా తీశారు. జాలర్లు మొత్తుకుంటే విచారణ జరిపి, పెద్ద ప్రమాదమేం లేదని తేల్చారు. తీసిన చోటికి సముద్రమే మళ్లీ రాళ్లు తెచ్చి పోస్తుందని నిపుణుల నమ్మకం.

ఆ నమ్మకం ఎంత తప్పో చెప్పడానికి అక్కడి రాయి ఒక్కటి చేత్తో పట్టుకుంటే చాలు. శనగగింజంత, నున్నగా, గోధుమరంగులో ఉంటుంది. ఎక్కువ భాగం చెకుముకి రాయి. వెనకున్న కొండ చూడండి: అభ్రకం మెరుపుతో పొరలు పొరలుగా ఊడే శిస్టు రాయి. ఆ కొండ ఎన్నేళ్లు అరిగినా చెకుముకి రాయి పుట్టదు, అది సుద్దరాతి పొరల్లో తయారయ్యేది. మరి ఇక్కడికెలా వచ్చింది? మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. మంచు కరిగి నీళ్లు మళ్లీ పైకి వస్తూ, అప్పట్లో ఆరుబయట పడున్న రాళ్లను వేల ఏళ్ల పాటు ముందుకు నెట్టుకుంటూ వచ్చి ఈ ఒడ్డున పోగేశాయి. ఆ పని ఎప్పుడో ముగిసింది. కొత్తగా తెచ్చిపెట్టే నదీ లేదు, కొండా లేదు. వడ్డీ అనుకుని అసలే తీసేశారన్నమాట.

ఇంకో పొరపాటు కూడా ఉంది. తవ్వింది నీటి అంచున కదా, ఇళ్ల ముందున్న కట్టకేం అవుతుందనుకున్నారు. ధాన్యపు రాశిని కింద తోడితే పైది జారకుండా ఉంటుందా? తవ్విన గుంటలు పూడ్చడానికి పై రాళ్లే జారాయి. కొన్నేళ్లలోనే తీరం మనిషి నిలువెత్తుకు మించి కుంగింది, ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. రెండోసారి వచ్చిన తనిఖీ అధికారి ఆపమన్నాక, 1902 జనవరి 8న అనుమతి రద్దు చేశారు. అప్పటికే తరలించింది సుమారు 6,50,000 టన్నులని రిచర్డ్ హాన్స్‌ఫర్డ్ వర్త్ అనే ఇంజనీరు లెక్కగట్టాడు.

ఆ తర్వాత అడ్డుగోడలు కట్టారు. పదిహేనేళ్లు అలాగే నెట్టుకొచ్చారు. ఆ తీరానికి మామూలుగా వచ్చే నైరుతి గాలుల నుంచి స్టార్ట్ పాయింట్ కాపు కాస్తుంది. తూర్పుగాలి వస్తే మాత్రం అడ్డే లేదు. 1917 జనవరి 26న ఆ తూర్పుగాలీ, భారీ పోటూ ఒకేసారి కలిశాయి. గోడలు తెగాయి. ప్రాణాలు పోలేదు, ఊరు పోయింది. ఆ ఏడాది చివరికి కాపురానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది. అందులో ఒకావిడ 1964లో చనిపోయేదాకా ఉండిపోయింది. నష్టపరిహారం కోసం మిగతావాళ్లు ఏడేళ్లు పోరాడాల్సి వచ్చింది.

తీరం మళ్లీ పాత ఎత్తుకు రాలేదు. ఆ రాళ్లు కలిపిన కాంక్రీటుతో కట్టిన కీహామ్ రేవు 1907లో పూర్తయింది. నౌకాదళం ఓడలు ఇప్పటికీ అక్కడే ఆగుతాయి.