అలెగ్జాండర్ పేరులో మనకు తెలిసిన రెండు మాటలు

అలెగ్జాండర్ అనగానే స్కూల్లో చదువుకున్న జీలం ఒడ్డు యుద్ధం, పురుషోత్తముడు గుర్తొస్తారు. కానీ ఆ రాజు క్రీ.పూ. 356లో పుట్టేనాటికే ఆ పేరు వయసు తొమ్మిది వందల ఏళ్లు పైమాటే.

గ్రీకులో దాని అసలు రూపం అలెక్సాండ్రోస్. 'అలెక్స్' అంటే కాపాడటం, అడ్డు నిలవడం. 'ఆండ్రోస్' అంటే మనిషి. ఈ రెండూ మనకు పరాయి మాటలేం కావు. సంస్కృతంలోని 'రక్ష', 'నర' వీటి తోబుట్టువులని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. గ్రీకుకూ సంస్కృతానికీ మూలం ఒకటే. ఆ మూలంలోని 'ల' గ్రీకులో అలాగే ఉండిపోయింది, సంస్కృతంలో 'ర' అయింది. మొదట్లోని ఒక పాత ధ్వని గ్రీకులో అచ్చుగా మిగిలింది, సంస్కృతంలో జారిపోయింది. న-ర పక్కపక్కన పలకడం కష్టమై గ్రీకువాళ్ల నోట మధ్యలో 'ద' చొరబడింది. తెలుగు వేరే కుటుంబపు భాషే అయినా, ఈ రెండు మాటలూ సంస్కృతం నుంచి మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి. కాబట్టి అలెగ్జాండర్‌ను 'నరరక్షకుడు' అంటే అది అనువాదం మాత్రమే కాదు, దాదాపు అదే మాట. ఊళ్లకు ఊళ్లు తగలబెట్టినవాడికి ఈ పేరేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

గ్రీకు రాతల్లో ఈ పేరు తొలి జాడ ఒక ఆడమనిషిది. గ్రీసులోని పాత నగరం మైసీనేలో దొరికిన, క్రీ.పూ. 13వ శతాబ్దపు మట్టి పలక మీద 'అలెక్సాండ్రా' అని ఉంది. దాదాపు అదే కాలంలో, ఇప్పటి టర్కీలో, హిట్టైట్ రాజు మువతల్లి విలుసా పాలకుడు 'అలక్సందు'తో ఒప్పందం రాయించుకున్నాడు. విలుసా అంటే ట్రాయ్ నగరమేనని చాలామంది పండితుల అభిప్రాయం. హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో హెలెన్‌ను ఎత్తుకుపోయిన ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు రెండో పేరు అలెక్సాండ్రోస్! ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పలేం గానీ, ట్రాయ్‌లో ఆ పేరు ఉండేదన్న జ్ఞాపకం ఏదో కావ్యం దాకా చేరినట్టుంది.

అశోకుడి 13వ శిలాశాసనంలోనూ ఒక 'అలికసుదర' ఉన్నాడు. ఈయన జగజ్జేత కాదు, ఆయన పోయి అప్పటికే అరవై ఏళ్లు దాటింది. గ్రీకుల ఎపిరస్ రాజ్యపు రాజో, కొరింత్ నగర పాలకుడో అన్నది తేలలేదు. అయితే ఈ శాసనంలో పేర్లున్న ఐదుగురు గ్రీకు రాజుల కాలాలను బట్టే చరిత్రకారులు అశోకుడి కాలాన్ని లెక్కగట్టారు. అశోకుడి ప్రధాన శిలాశాసనాలను మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చూడొచ్చు.

తర్వాత ఈ పేరు పోపులకు, రష్యా చక్రవర్తులకు అంటుకుంది. 12, 13 శతాబ్దాల్లో ముగ్గురు అలెగ్జాండర్లు రాజులవడంతో స్కాట్లాండ్‌లో బాగా పాతుకుపోయింది. టెలిఫోన్ కనిపెట్టిన బెల్, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ ఇద్దరూ అక్కడ పుట్టిన అలెగ్జాండర్లే. అక్కడ ముద్దుపేరు శాండీ, రష్యాలో సాషా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అరబ్బుల చేతిలో జరిగిన తమాషా. పేరు మొదట్లోని 'అల్'ను వాళ్లు తమ భాషలో మాటల ముందు చేరే 'అల్' అనుకున్నారు. దాన్ని విడదీశారు, 'క్స్'ను 'స్క్'గా తిప్పారు. అలా ఇస్కందర్ పుట్టింది. అదే పర్షియన్ దారిన మన దేశానికొచ్చి సికందర్ అయింది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో హుస్సేన్ సాగర్ అవతలి బ్రిటిష్ దండు ఊరికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. ఆ పేరులో 'ఇంద్ర' వినబడుతుంది గానీ ఇంద్రుడికీ దానికీ సంబంధం లేదు. అక్కడున్నది అరిగిపోయిన 'ఆండ్రోస్', అంటే మన నరుడే. ముందున్న 'సిక్' రక్షలో మిగిలిన ముక్క.