నెలలు నిండని బిడ్డకి డబ్బా పాలు ఎందుకొద్దంటారు

తిరుపతిలో ఏ పెద్దాసుపత్రి ఎన్ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ, బయట కూర్చున్నా ఈ మాట వినపడతానే ఉంటుంది, "తల్లికి పాలు పడలేదు సిస్టర్, డబ్బా పాలన్నా పట్టండి" అని. లోపల్నించి మాత్రం "ఎన్ని చుక్కలొస్తే అన్నే, పిండి పంపించండమ్మా" అంటారు. మా చిన్నాయన కూతురికి 30 వారాలకే కాన్పయినప్పుడు మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది, అందుకే డాక్టర్లకి ఈ పట్టుదల ఎక్కణ్ణించి వచ్చిందో రాస్తున్నా.

చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒకదానితో ఒకటి కుదరాలంటే బిడ్డకి దాదాపు 34 వారాలు నిండాల. అంతకు ముందే పుడితే సన్నటి ట్యూబు కడుపులోకి వేసి పాలు పోస్తారు. ఇదేం కొత్త పద్ధతి కాదు, 1880ల్లో పారిస్‌లో టార్నియే అనే డాక్టరు ఇంక్యుబేటర్లు పెట్టిన కాలంలోనే ఉండేది, ఆయన శిష్యుడు బుడాన్ అయితే తల్లికి పాలు ఆగిపోకుండా చూడాలని అప్పుడే గట్టిగా చెప్పినాడు. 1909లో వియన్నాలో మొదటి తల్లిపాల బ్యాంకు కూడా పెట్టినారు.

ఇంత తెలిసి కూడా తర్వాత దారి తప్పినారు, నాకు బాధనిపించేది అదే. 1940లు, 50ల్లో పాలు పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న భయంతో ఇట్లాంటి బిడ్డలకి పుట్టినాక ఒకటి రెండు రోజులు, ఒక్కోచోట మూడు రోజులు కూడా ఏమీ పట్టకుండా ఉంచేవాళ్ళు. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో కొవ్వు ఎంతుంటుంది చెప్పండి, రక్తంలో చక్కెర పడిపోయేది, కామెర్లు ముదిరేవి. 60ల్లో గానీ తొందరగా పాలు మొదలుపెడితేనే మేలని తేలలేదు. 1968లో అమెరికాలో విల్మోర్, డడ్రిక్ అనే డాక్టర్లు పేగులు పనిచేయని పసిబిడ్డని నరంలోంచి ఎక్కించే పోషణతోనే పెంచి చూపించినారు, ఇప్పుడు మరీ చిన్న బిడ్డలకి మొదటి రోజుల్లో ఎక్కించేది ఆ దారిలో వచ్చిందే.

ఇంక డబ్బా పాల సంగతి. 1990లో ఇంగ్లండ్‌లో లూకస్, కోల్ అనేవాళ్ళు 926 మంది నెలలు నిండని బిడ్డల లెక్క బయటపెట్టినారు. పేగులు వాచి కుళ్ళిపోయే జబ్బు ఒకటుంది, ఎన్ఈసీ అంటారు, ప్రాణం మీదికి తెస్తుంది. ఉత్త డబ్బా పాలు తాగిన బిడ్డల్లో అది ఉత్త తల్లిపాలు తాగినోళ్ళ కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువ కనిపించింది. సిస్టర్ "చుక్కలైనా చాలు" అనేది ఇందుకే. తల్లికి నిజంగానే పాలు రాకపోతే ఇంకో తల్లి ఇచ్చిన పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి పట్టొచ్చు, మన దేశంలో అట్లాంటి మొదటి పాల బ్యాంకు 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టింది. 2017లో కేంద్రం వీటికి గైడ్‌లైన్స్ ఇచ్చింది, అయినా బ్యాంకు అందుబాటులో లేని ఊర్లే ఎక్కువ, అట్లాంటి చోట తల్లి పిండే పాలే దిక్కు.

మా చెల్లెలు మొదటి రోజు స్టీలు గిన్నెలో పిండితే అడుగు తడిసేంత ముర్రుపాలు, పసుప్పచ్చగా, చిక్కగా. అవ్వ "అవి పారబోయండే, మంచి పాలు రానీ" అనింది. నెలలు నిండకుండా కాన్పయిన తల్లి పాలల్లో మాంసకృత్తులు మామూలు కంటే జాస్తి ఉంటాయి, ఆ అడుగున ఉన్న కాస్తా ఆ బిడ్డ కోసం తయారైనవే అని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. సిస్టర్ వాటిని సిరంజిలోకి తీసి, వెనక నెట్టే పుల్ల పీకేసి, ట్యూబుకి తగిలించి పైకెత్తి పట్టుకునింది. నెట్టలేదు. 2 ఎంఎల్ పాలు వాటంతటవే దిగేదాకా అట్లే నిలబడింది.

నాలుగు వారాలకి ట్యూబు తీసేసి మూతి కోసుగా ఉండే చిన్న గిన్నెతో పట్టడం మొదలుపెట్టినారు, అక్కడందరూ పలాడ అంటున్నారు. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకోని తిప్పి చూసి, "ఇది మన ఉగ్గుగిన్నే కదమ్మా, నేను పడతా ఇటియ్యి" అనింది. సిస్టర్ ముందు చేతులు కడుక్కోమనింది.