జమ్మును కోస్తే చాలదు, ఊపిరి ఆపాలి

మురుగు కాలువలో పొక్లెయిన్ పెట్టి జమ్మంతా తోడేస్తారు. పంటకాలం తిరగకముందే అదే చోట మళ్లీ నిలువెత్తు జమ్ము. విత్తనాలు గాలికి కొట్టుకొచ్చాయనుకుంటారు గానీ, ఇంత త్వరగా లేచేది సాధారణంగా బురదలో మిగిలిపోయిన కొమ్ము (నేలలో అడ్డంగా పాకే కాండం) ముక్కల నుంచే.

దీన్ని కిక్కిసతో కలిపేసేవాళ్లూ ఉన్నారు. కిక్కిసకు కాండం పొడవునా కణుపులు, చివర మెత్తటి కుచ్చు ఉంటాయి. జమ్ముకు ఆకులు మొదలు దగ్గర ఒకదాన్నొకటి చుట్టుకుని నిటారుగా లేస్తాయి. కంకి పైభాగంలో మగపూలు, కింద గోధుమరంగు కడ్డీలా ఆడపూలు. మన చెరువుల్లో బాగా కనబడే జమ్ము జాతి టైఫా డొమింజెన్సిస్‌లో ఈ రెంటికీ మధ్య కొద్దిపాటి ఖాళీ కాడ ఉంటుంది.

అసలు మొక్క బురదలో ఉంది. ఎక్కువగా పై అడుగు లోతులోనే అడ్డంగా పాకే ఈ కొమ్ము వేరు కాదు, పసుపు కొమ్ములాగే కాండం. కడిగి చూస్తే కణుపులు, వాటిని కప్పిన పొలుసులు, పొలుసుల చాటున మొగ్గలు కనిపిస్తాయి. విరిస్తే లోపల తెల్లటి పిండి. పిలక మొదట్లోని మొగ్గ ఒకటి పక్కకు సాగి, కొంత దూరం పోయాక కొస పైకి తిప్పి కొత్త పిలక అవుతుంది. దాని మొదట్లోంచి మళ్లీ కొమ్ములు. ఉత్తర అమెరికాలో టైఫా లాటిఫోలియా అనే మరో జమ్ము జాతి విత్తనం నుంచి మొలిచిన ఒకే మొక్క మొదటి సీజన్‌లోనే సుమారు 3 మీటర్ల మేర పాకి, వందకు దగ్గరగా పిలకలు వేసిన ఉదాహరణ ఉంది. ఒక్కో పిలక ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. పాత కొమ్ము కుళ్లి తెగిపోతే ముక్కలు విడి మొక్కలుగా బతుకుతాయి, జన్యువులు మాత్రం అవే. అందుకే ఎకరం జమ్ములో ఎన్ని మొక్కలున్నాయో పిలకలు లెక్కపెట్టి చెప్పలేం.

మరి ఒక్కో కంకిలో లక్షకు పైగా విత్తనాలు ఎందుకు? పాత పొదలో వాటికి పనే లేదు. నీడ, ఎండుటాకుల మందం, నీటి లోతు మొలకను లేవనివ్వవు. నూగుతో గాలిలో ఎగిరిన కాయ నీళ్లలో పడితే పైపొర విచ్చుకుని విత్తనం మునుగుతుంది. మొలవడానికి దానికి వెలుతురు, వెచ్చదనం, తడి బురద లేదా పలచటి నీటిపొర కావాలి. అంటే కొత్త గుంటలు, నీరు తీసిన చెరువు అంచులు, అప్పుడే పూడిక తీసిన కాలువలు. కొత్త నేల వెతకడం విత్తనం వంతు, దొరికిన నేలను వదలకుండా పట్టుకోవడం కొమ్ము వంతు.

నేల ఎలా దొరుకుతుందో పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ నదిలో చూడొచ్చు. 1986లో డియామా ఆనకట్ట పూర్తయ్యేదాకా ఎండాకాలంలో సముద్రపు ఉప్పునీరు నదిలోకి ఎగదన్నేది. ఆ ఉప్పు ఆగిపోయి, ఏడాది పొడవునా మంచినీరు నిలవడంతో అదే టైఫా డొమింజెన్సిస్ ఒడ్లనూ కాలువలనూ కమ్మేసింది. అది అక్కడికి కొత్తగా వచ్చిన మొక్కేమీ కాదు.

ఇక తీసేయడం సంగతి. ఆకు పెరిగేది మొదలు నుంచి. కాబట్టి నీటిపైన కోస్తే మళ్లీ సాగుతుంది. కొమ్ముండే బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. పచ్చటి ఆకుల లోపలి తేమ, వేడి వల్ల ఏర్పడే ఒత్తిడి గాలిని కిందికి, కొమ్ములోకి నెడుతుంది. అది పాత, విరిగిన ఆకుల గుండా బయటికి పోతుంది. చచ్చిన కాడలోంచి కూడా గాలి ఆడుతుంది. పచ్చవి కోసి ఎండువి వదిలేస్తే సగం పనే అయినట్టు.

కంకులు బయటికొచ్చే వేళ కొమ్ములో పిండి నిల్వ బాగా తగ్గి ఉంటుంది. అప్పుడు పచ్చవీ ఎండువీ కలిపి నీటిమట్టానికి జానెడు లోతున కోయాలి. మొండేలు వారాల తరబడి మునిగే ఉంటే గాలి అందక కొమ్ము కుళ్లుతుంది. తప్పించుకున్న పిలకలు నీటిపైకి తేలగానే మళ్లీ కోయాలి, రెండు మూడు సార్లు తప్పదు. బయట మిగిలిన ఒక్క కాడ తనకు అతుక్కున్న కొమ్ముకు గాలి అందిస్తుంది. కోసిన గడ్డిని నీళ్లలోనే వదిలేస్తే కుళ్లి, అందులోని నత్రజని, భాస్వరం మళ్లీ చెరువుకే చేరతాయి.

ఈ పద్ధతి ఎక్కువగా బెడిసేది నీటిమట్టం దగ్గరే. కోసిన పది రోజులకు తూము తెరిచి నీళ్లు వదిలితే మొండేలు తేలి గాలి పీలుస్తాయి, ఖాళీ బురద మీద విత్తనాలూ మొలుస్తాయి. ఆ మొలకలు చేత్తో పీకితే వచ్చేస్తాయి, కొమ్ము వేయనంతవరకే.