వేడిని తట్టుకునే ఎంజైమును వేడే చంపుతుంది

గ్లూకోజ్ పాకం తయారుచేసే చోట్ల నుంచి నాకు పదే పదే వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈ ఎంజైము వేడిని తట్టుకునేదే కదా, మరి బ్యాచ్ ఎందుకు పాడైంది?" ప్రశ్నలోనే తప్పు ఉంది. వేడిని తట్టుకుంటుందంటే ఎంత వేడినైనా, ఏ పరిస్థితిలోనైనా తట్టుకుంటుందని కాదు.

పిండిని తెంచి పలచబరిచే ఆ ఎంజైము పేరు ఆల్ఫా ఎమైలేజ్. అదీ ప్రోటీనే. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్టే, మడతలు విడిపోయిన ఎంజైము మళ్లీ పనికి రాదు. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన రకం, ఆవిరితో పిండిని ఒక్కసారిగా వేడిచేసే జెట్ కుక్కర్‌లో 105 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు నిలబడి, తరువాత 95 డిగ్రీల దగ్గర గంటన్నర, రెండు గంటలు పిండి గొలుసులను తెంచుతుంది. అయితే పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దగ్గర ఉండాలి, స్లర్రీ, అంటే నీటిలో కలిపిన పిండి, 30-35 శాతం చిక్కదనంతో ఉండాలి, నీటిలో కొంత కాల్షియం ఉండాలి. కొత్త రకాలకు కాల్షియం తక్కువైనా సరిపోతుంది కానీ, పీహెచ్ బాగా తగ్గితే ఏ రకానికైనా ఆ 105 డిగ్రీలే భరించలేనంత అవుతుంది.

నేను షిఫ్టు బాధ్యత తీసుకున్న కొత్తలో ఒక రాత్రి ట్యాంకులో సరుకు పలచబడలేదు. గరిటెతో తీస్తే జావలా సాగుతోంది, అయోడిన్ చుక్క వేస్తే నీలం, అంటే పిండి ఇంకా తెగలేదు. ఆవిరి పెంచమని అనుభవజ్ఞుడైన ఒక పెద్దాయన అంటే పెంచాను. 110 దాటినా చిక్కగానే ఉంది. ఆ వేడిలోనే ఇంకో మోతాదు ఎంజైము పోశాం. తెల్లవారుజామున అనుమానం వచ్చి పీహెచ్ కాగితం ముంచితే 5 కంటే తక్కువ! మీటరు మాత్రం 6.1 చూపిస్తూనే ఉంది. తీసి చూస్తే ఎలక్ట్రోడు మీద పిండి పొర గట్టిగా పేరుకుపోయి ఉంది. ఆ రాత్రి మేము పెంచిన ప్రతి డిగ్రీ ఎంజైమును ఇంకాస్త త్వరగా చంపింది. ఫిల్టర్ గుడ్డలన్నీ మూసుకుపోయాయి.

సరుకు పలచబడకపోతే ముందు పీహెచ్‌ను కాగితంతో సరిచూడండి. 95కి చల్లార్చి, పీహెచ్ సరిచేసి, అప్పుడు ఎంజైము వేయండి. దయచేసి ఆవిరి వాల్వు జోలికి పోకండి. ఎంజైము డ్రమ్ములను ఎండలో పెట్టకండి.

అయోడిన్‌కు నీలం రాకపోతే గ్లూకోజ్ అయిపోయినట్టే అనేది మరో అపోహ. పొడవైన గొలుసులు తెగాయని మాత్రమే దాని అర్థం. గ్లూకోజ్ కావాలంటే 60 డిగ్రీలకు చల్లార్చి, పీహెచ్ 4.5 దగ్గరకు తెచ్చి, ఆ ముక్కలను గ్లూకోజ్‌గా తెంచే గ్లూకోఎమైలేజ్ అనే మరో ఎంజైముతో రెండు మూడు రోజులు ఉంచాలి. ఇలాంటి ఎంజైములన్నీ వేడినీటి బుగ్గల్లోంచే వస్తాయన్నదీ నిజం కాదు. లైకెనిఫార్మిస్ మామూలు మట్టిలో ఉండేదే.

"మా బాబు తాగే గ్లూకోజ్‌ను బాక్టీరియాతో చేస్తారట, ప్రమాదమా?" అని ఈ మధ్య ఒక తల్లి అడిగారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. కానీ అమ్మా, ట్యాంకులో పోసేది బాక్టీరియాను కాదు, దాని నుంచి వేరుచేసిన ప్రోటీనును. ఆ తరువాత వడపోత, రంగు తీసే బొగ్గు, లవణాలు తీసే అయాన్ మార్పిడి దాటాకే అది గ్లూకోజ్ పొడి అవుతుంది. చూసుకోవలసింది వేరే ఉంది. పొట్లం మీద "చక్కెర కలపలేదు" అని రాసి, కింద మాల్టోడెక్స్‌ట్రిన్ (సగం తెగిన పిండి) అని ఉంటుంది. అది కూడా ఈ ట్యాంకులోంచి వచ్చేదే. మధుమేహం ఉన్నవారి రక్తంలో గ్లూకోజ్‌ను అదీ వేగంగానే పెంచుతుంది.