పెరూ ఆంకోవెటా వివాదం: 1972లో ఏం జరిగింది?

పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుతోందన్న వార్త వచ్చినప్పుడల్లా పెరూ తీరంలో ఒక పాత తగాదా తిరిగి మొదలవుతుంది. మన నెత్తళ్ల జాతికి దగ్గరిదైన ఆంకోవెటా అనే చిన్న చేప తగ్గిపోవడానికి కారణం సముద్రమా, వేటా అన్నదే ఆ తగాదా. 2023లో పిల్ల చేపలు మితిమీరి కనిపించడంతో ఉత్తర-మధ్య తీరంలో ఆ ఏటి మొదటి వేట సీజన్‌ను ప్రభుత్వం పూర్తిగా రద్దు చేసినప్పుడు ప్రపంచమంతటా ఫిష్‌మీల్ (చేపలను ఎండబెట్టి చేసే పొడి) ధర పెరిగింది. రొయ్యల మేతలో ఫిష్‌మీల్ ముఖ్యమైన దినుసు కనుక ఆంధ్ర తీరంలో చెరువులు సాగుచేసే రైతులకు కూడా ఇది సంబంధం లేని విషయం కాదు.

సముద్రపక్షుల రెట్టను ఎరువుగా అమ్మిన గువానో వ్యాపారం నాటి నుంచి చెప్పుకొస్తే కథ చాలా పొడవవుతుంది. నేటి వాదనకు కావలసినదంతా 1970కీ 1972 మధ్యకాలానికీ నడుమనే ఉంది. అయితే అది అర్థం కావాలంటే ఈ తీరం వెంబడి పారే హంబోల్ట్ శీతల ప్రవాహం పనిచేసే తీరు తెలియాలి. ఆగ్నేయ వ్యాపార పవనాలు తీరం వెంబడి ఉత్తరంగా వీస్తూ పై నీటిని కదిలిస్తాయి. భూభ్రమణం వల్ల దక్షిణార్ధగోళంలో ఆ నీరు ఎడమవైపుకు, అంటే ఒడ్డు నుంచి నడిసముద్రం వైపుకు మళ్లుతుంది. ఆ వెలితిని పూడ్చడానికి లోతులోని చల్లని నీరు నైట్రేట్లను, ఫాస్ఫేట్లను మోసుకుని పైకి వస్తుంది. ఆ పోషకాలతో వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు), వాటి మీద ఆధారపడి జంతుప్లవకాలు (నీటిలో తేలే చిన్న జీవులు), వాటన్నిటినీ తిని ఆంకోవెటా పెరుగుతాయి. భూమధ్యరేఖకు 12 డిగ్రీల దూరంలోనే ఉన్న లిమా నగరం చల్లగా, దాదాపు వాన ఎరగకుండా ఉండటానికీ ఈ చల్లని నీరే కారణం.

పసిఫిక్ నీరు అసాధారణంగా వేడెక్కే ఎల్‌నినో వస్తే తీరపు గాలి ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. గాలి వీస్తూనే ఉండవచ్చు, లోపలి నీరు పైకి వస్తూనే ఉండవచ్చు. మారేది ఆ వచ్చే నీటి స్వభావం. పశ్చిమ పసిఫిక్‌లో వ్యాపార పవనాలు సడలినప్పుడు పుట్టే కెల్విన్ తరంగాలు అనే భారీ సముద్రపు అలలు భూమధ్యరేఖ వెంబడి సుమారు రెండు నెలల్లో దక్షిణ అమెరికాను చేరి, వెచ్చని పై పొరను మందంగా చేసి, పోషకాలున్న నీటిని గాలికి అందనంత లోతుకు దించేస్తాయి. అప్పుడు పైకి వచ్చేది కూడా వెచ్చని, సారం లేని నీరే.

ఇక అసలు విషయం. 1970లో పెరూ సముద్ర పరిశోధన సంస్థ ఇమార్పే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల ఆధ్వర్యంలో సమావేశమైన నిపుణులు ఏడాదికి సుమారు 95 లక్షల టన్నులకు మించి పట్టరాదని తేల్చారు. అదే ఏడు పట్టిన చేప 1 కోటి 20 లక్షల టన్నులు దాటింది. దేశ ఎగుమతి ఆదాయంలో పెద్ద వాటా ఫిష్‌మీల్‌దే కావడం, అవసరానికి మించిన పడవలూ ఫ్యాక్టరీలూ అప్పటికే నిలబడి ఉండటం వల్ల ఆ హెచ్చరికను ఖాతరు చేసినవారు లేరు. 1972 ఆరంభంలో వేటకు అందవలసిన కొత్త తరం చేప చాలా పలచగా వచ్చింది. సరిగ్గా అప్పుడే వెచ్చని నీరు తీరాన్ని కమ్ముకుంది. మిగిలిన చేప చల్లదనం తగ్గని కొద్దిపాటి జాగాల్లోకి, ఒడ్డును ఆనుకున్న సన్నని పట్టీలోకి వచ్చి గుమిగూడింది. వల వేసినవారికి సముద్రం నిండుగా కనిపించింది, కొన్ని వారాలపాటు పడవలు పొంగిపొర్లాయి. ఏడాది మధ్యలో వేట ఆపేనాటికి ఆపదలో ఉన్న చేప చాలావరకు ఫ్యాక్టరీలకు చేరిపోయింది. 1973లో పట్టుబడి 20 లక్షల టన్నులైనా దాటలేదు. ఆ మే నెలలో ప్రభుత్వం పరిశ్రమను జాతీయం చేసింది. అంతకుముందే తగ్గుముఖం పట్టిన గువానో పక్షుల సంఖ్య ఇంకా పడిపోయింది.

ఎల్‌నినోయే చేపను మాయం చేసిందనీ, నీరు చల్లబడగానే చేప తిరిగి వస్తుందనీ పరిశ్రమ వర్గాలు చెబుతాయి. 1998లో కుప్పకూలిన పట్టుబడి 2000 నాటికే కోలుకోవడాన్ని సాక్ష్యంగా చూపుతాయి. ఇది అబద్ధం కాదు. కానీ 1972 తర్వాత ఆంకోవెటా పూర్వస్థితికి రావడానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టిందన్న సంగతిని ఆ వాదన దాటవేస్తుంది. పసిఫిక్ దశాబ్దాల తరబడి వెచ్చని దశకు మారి సార్డీన్లకు అనుకూలించడం వల్లనే ఆలస్యమైందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు, అందులోనూ బలముంది. అయినా సముద్రం ఎదురు తిరిగిన సమయంలో తల్లి చేపను కూడా మిగల్చకుండా లాగేయడాన్ని ఆ దశ మార్పు సమర్థించదు.

నేటి నిబంధనల్లో చాలావరకు ఆ అనుభవం నుంచి వచ్చినవే. 12 సెంటీమీటర్ల లోపు చేపలు పట్టుబడిలో 10 శాతానికి మించకూడదు. ప్రతి సీజన్‌కు ముందు ఇమార్పే నౌకలు ధ్వనితరంగాలతో చేప పరిమాణాన్ని కొలుస్తాయి. 2009 నుంచి ఒక్కో పడవకు విడిగా కోటా ఉంది. ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ల లోపు జలాలు చిన్న మత్స్యకారులకే కేటాయించినవి, అక్కడికి పెద్ద పడవలు రాకూడదు. నీరు వేడెక్కినప్పుడు చేప వచ్చి చేరేది ఆ 5 మైళ్లలోకే కాబట్టి, ఆ హద్దును సడలించాలన్న ఒత్తిడి పెరిగేదీ, దాన్ని ససేమిరా కదపకూడనిదీ అప్పుడే.