వెండి నాణెం మీద రెండో ముద్ర: అపోహలు – వాస్తవాలు

విశాఖ కురుపాం మార్కెట్‌లో నా దగ్గరికి పాత వెండి రూపాయలు అమ్మడానికి తెచ్చేవాళ్లలో రెండు రకాలు. నాణెం మీద తర్వాత ఎవరో కొట్టిన చిన్న గుర్తు కనిపిస్తే చాలు, "పాడైపోయింది, కరిగించేయండి" అంటారు కొందరు. యూట్యూబ్ చూసొచ్చి ఆ గుర్తుకే లక్షలు అడుగుతారు ఇంకొందరు.

అపోహ: రెండో ముద్ర పడితే విలువ పోయినట్టే.

ఆ ముద్ర ఎవరు కొట్టారో ముందు చూడాలి. 1797లో ఇంగ్లండ్‌లో వెండి డబ్బుకి కరువొస్తే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్పెయిన్ వెండి డాలర్ల మీద తమ రాజు మూడో జార్జి తల చిన్నగా కొట్టి చలామణిలోకి వదిలింది. ఆ ముద్ర అసలుదైతే, ఏ ముద్రా లేని డాలర్ కంటే ఎక్కువ పలుకుతుంది. మన గౌతమీపుత్ర శాతకర్ణి అంతకంటే ముందుకెళ్లి, తన చేతిలో ఓడిన క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలను తన గుర్తులతో పూర్తిగా తిరగకొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో బయటపడ్డ 13 వేలకు పైగా నాణేల్లో 9 వేలకు పైగా ఇలాంటివే. కింద నహపాణుడి ముఖం ఇంకా ఛాయగా కనిపించే నాణెం దొరికితే శాతవాహనుల మీద మోజున్నవాళ్లు వదలరు.

షరాఫులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, వెండి నాణ్యత చూడ్డానికి పెట్టిన గాట్లు వేరే సంగతి. మొగలు రూపాయల మీద అవి మామూలే. టంకశాల పేరు, సంవత్సరం చెడకపోతే నేను వాటికి పెద్దగా ధర తగ్గించను.

అపోహ: ఏ ముద్ర ఉన్నా అరుదైనదే.

కాదు. కంసాలి పొడి అక్షరాలకి, లాకెట్ కోసం వేసిన టంకానికి ఎవరూ అదనంగా ఇవ్వరు. అలాంటి విక్టోరియా రూపాయికి 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి, అంతే లెక్క.

అపోహ: పాత నాణెం మీద ఉంది కాబట్టి ముద్ర కూడా పాతదే.

మోసాలన్నీ ఇక్కడే. మామూలు నాణెం అసలుదే, ముద్ర మాత్రం నిన్న కొట్టింది. నాణెమంతా నల్లబడి, ముద్ర గుంట ఒక్కటే తళతళలాడుతుంటే అనుమానించండి. చుట్టూ అరిగిపోయి, ముద్ర అంచులు మాత్రం పదునుగా ఉన్నా అంతే. సంవత్సరం కూడా చూడండి: 1797 నాటి ముద్ర 1800 నాణెం మీద ఎలా ఉంటుంది?

అమ్మే ముందు చింతపండు పెట్టి మాత్రం తోమకండి. ఆ నలుపు పోయాక ముద్ర పాతదో కొత్తదో చెప్పడం కష్టం. అలాంటివి నేను తూకానికే తీసుకుంటాను.