పద్దెనిమిదేళ్ల హద్దు: 2015 డిసెంబరులో అసలు మారిందేమిటి?

ఘోరమైన నేరంలో మైనరు ప్రమేయం బయటపడిన ప్రతిసారీ బాల్యానికి చట్టం గీసిన హద్దుపై వాదన మొదటికి వస్తుంది. ఆ హద్దును 16 ఏళ్లకు దించాలన్న డిమాండు ఇప్పుడూ వినిపిస్తోంది. అందులో సగం ఇప్పటికే చట్టంలో చేరిపోయిందన్న సంగతి మాత్రం ఈ చర్చల్లో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

పాత చరిత్ర చాలామందికి తెలిసిందే. 1986 చట్టం బాలురకు 16, బాలికలకు 18 ఏళ్ల పరిమితి పెట్టింది. బాలల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో భారత్ 1992లో చేరాక, 2000 నాటి బాలల న్యాయ చట్టం ఇద్దరికీ 18 ఏళ్లను ఖరారు చేసింది. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార (నిర్భయ) ఘటనలో నిందితుల్లో ఒకరికి 18 ఏళ్లు నిండడానికి కొన్ని నెలలే మిగిలి ఉండటంతో ఆ నిర్ణయంపై ఆగ్రహం కట్టలు తెంచుకుంది. మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు 2013 ఆగస్టులో అతనికి విధించిన మూడేళ్లు నాటి చట్టం అనుమతించిన గరిష్ఠ కాలమే అయినా, బాధితురాలి కుటుంబానికి అది శిక్షలా కనిపించలేదు; ఆ బాధను తప్పుపట్టలేం.

అయితే ఆ మూడేళ్లలో వయసు ప్రశ్నను నిదానంగా పరిశీలించినవారు ఒక్క మాటే చెప్పారు. ఢిల్లీ ఘటన తర్వాత చట్ట సవరణలు సూచించేందుకు ఏర్పాటైన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 2013 జనవరిలో, అంటే దేశం ఇంకా ఉడికిపోతున్న రోజుల్లోనే, హద్దు తగ్గించవద్దని సిఫారసు చేసింది. ఈ హద్దును సవాలు చేస్తూ వచ్చిన రెండు కేసుల్లో, అదే ఏడాది సలీల్ బాలీ కేసులోనూ, మరుసటి ఏడాది సుబ్రమణియన్ స్వామి కేసులోనూ సుప్రీంకోర్టు చట్టంలో జోక్యానికి నిరాకరించింది. 2000 నాటి చట్టం స్థానంలో తెచ్చిన కొత్త బిల్లును పరిశీలించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం సైతం 16 నుంచి 18 ఏళ్లవారిని వేరుచేసే నిబంధనను వ్యతిరేకించింది.

అయినా ఆ బిల్లు 2015 మేలో లోక్‌సభ దాటి, రాజ్యసభలో నిలిచిపోయింది. డిసెంబరు 20న ఆ యువకుడు విడుదలయ్యాడు. 22న రాజ్యసభ బిల్లును ఆమోదించింది. మరింత పరిశీలన కోసం సెలెక్ట్ కమిటీకి పంపాలన్న సీపీఎం సభ్యులు వాకౌట్ చేశారు. ఏ విడుదలపై ఆగ్రహంతో బిల్లు గట్టెక్కిందో ఆ వ్యక్తికి అది వర్తించే వీలే లేదు, ఎందుకంటే నేరం జరిగిన నాటి చట్టానికి మించిన శిక్షను రాజ్యాంగంలోని 20వ అధికరణం అనుమతించదు.

ఆ రెండు రోజుల్లో తేలిన విషయం వయసు కాదు. నిర్వచనంలో 18 ఏళ్లు చెక్కుచెదరలేదు. దాని పక్కనే 15వ సెక్షన్ వచ్చి చేరింది: కనీసం ఏడేళ్ల శిక్ష పడే ‘హేయమైన’ నేరం 16 ఏళ్లు దాటిన మైనరుపై మోపితే, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు బోర్డు మదింపు చేయాలి, అవసరమనిపిస్తే కేసును బాలల కోర్టుకు పంపాలి, అక్కడ పెద్దవారిలా విచారించవచ్చు. మరణశిక్షకు, విడుదలకు ఆస్కారం లేని జీవితఖైదుకు మాత్రం వీల్లేదు. చిక్కేమిటంటే, ఈ మదింపు నేరం రుజువు కాకముందే జరుగుతుంది. చేశాడో లేదో తేలని పనిని ఏ మనఃస్థితిలో చేశాడో తేల్చడం ఎలాగన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. 2022లో సుప్రీంకోర్టు ఈ మదింపు సున్నితమైనదని, సామర్థ్యం, పర్యవసానాల అవగాహన ఒకటి కావని, బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేనప్పుడు నిపుణుల సాయం తప్పనిసరని చెప్పి, మార్గదర్శకాలు రూపొందించే విషయాన్ని కేంద్రం, బాలల కమిషన్ల పరిశీలనకు వదిలింది. అప్పటికి చట్టం అమల్లోకి వచ్చి ఆరేళ్లు దాటింది.

2024 మేలో పుణేలో కారు ఢీకొని ఇద్దరు మరణించిన కేసు ఈ నేపథ్యంలో చూడాలి. నిందితుడైన 17 ఏళ్ల బాలుడికి వ్యాసం రాయాలన్న షరతుతో ఇచ్చిన బెయిలు దేశమంతా నిరసనకు గురైంది, అది సహజం కూడా. కానీ అతన్ని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనపై బాలుడి తరఫు న్యాయవాదులు ముందుకు తెచ్చిన వాదనకు బాలుడి పరిణతితో సంబంధం లేదు. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు మించినా కనీస శిక్ష నిర్దేశించని నేరం ‘హేయమైన’ కోవలోకి రాదని శిల్పా మిత్తల్ కేసులో 2020లోనే సుప్రీంకోర్టు తేల్చిందని వారు గుర్తుచేశారు. 2025 జులైలో బోర్డు పోలీసుల అభ్యర్థనను తోసిపుచ్చింది.